భూమికీ మచ్చు చూపాలి: స్థలాల బ్రోకర్లకు కొన్ని సూచనలు

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ మూతి విప్పనిదే కొనుగోలుదారు ధర పలకడు. చేయి పెట్టి నాలుగు కాయలు బయటికి తీసి, రంగు చూసి, తేమ చూసి, తాలు ఏపాటి ఉన్నదో అంచనా వేసిన తరువాతే బేరం మొదలవుతుంది. అనకాపల్లిలో బెల్లానికి, నిజామాబాదులో పసుపు కొమ్ములకు, వరంగల్ ఎనుమాములలో పత్తికి కూడా అదే ఆనవాయితీ. మచ్చు చూడని సరుకును ఏ వర్తకుడూ ముట్టడు.

కాని అదే వర్తకుడు, సీజను కలిసివచ్చి నాలుగు డబ్బులు మిగిలిన ఏడాది, ఊరి శివారున ప్లాటు కొనబోయినప్పుడు ఈ ఆనవాయితీని మరచిపోతుంటాడు. ఆదివారంనాడు కారులో తీసుకువెళ్లి చూపిన హద్దు రాళ్లు, రంగుల కాగితం మీద అచ్చువేసిన పార్కు, ఈత కొలను చూసి అక్కడికక్కడే బయానా ఇచ్చివేస్తాడు. తరువాత ఆ భూమి చెరువు శిఖమనో, అసైన్డు పట్టా అనో తేలితే నష్టపోయేది ఒక సీజను లాభం కాదు. ఒక కుటుంబం ఇరవై ఏళ్ల కూడబెట్టు.

ఇందులో తప్పు ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరి చూపూ బేరం కుదిర్చిన మధ్యవర్తి మీదనే పడుతుంది. అమ్మినవాడు ఊరు మారిపోవచ్చు. వెంచరు వేసిన కంపెనీ బోర్డు తిప్పివేయవచ్చు. బ్రోకరు మాత్రం అదే వీధిలో ఉంటాడు. అందుచేత భూమి మచ్చును విప్పి చూపడం కొనుగోలుదారు మేలు కోసమే కాదు, బ్రోకరు తన వ్యాపారం నిలుపుకోవడానికి కూడా అవసరమైన పని.

యాభై ఏళ్లు ఆలస్యంగా వచ్చిన లైసెన్సు

వ్యవసాయ మార్కెట్ల చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1966లో వచ్చింది. యార్డులో కమీషన్ వ్యాపారం చేయాలంటే మార్కెట్ కమిటీ లైసెన్సు ఉండాలన్న నియమం ఈ పుట పాఠకులకు కొత్త కాదు. భూమి బేరాలు కుదిర్చే వ్యక్తికి అటువంటి కట్టుబాటు తెచ్చినది 2016లో పార్లమెంటు ఆమోదించిన రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం. వ్యవహారంలో దీనిని రెరా అంటున్నారు. ఏజెంట్లకు సంబంధించిన నిబంధనలు 2017 మే 1 నుంచి అమలులోకి వచ్చాయి. అంటే మిరపకాయల ఏజెంటుకూ ఇళ్ల ఏజెంటుకూ మధ్య అర్ధ శతాబ్దం తేడా.

ఈ చట్టంలో ఏజెంటు అన్న మాటకు అర్థం విశాలమైనది. బ్రోకరు, ప్రాపర్టీ డీలరు, మధ్యవర్తి అని ఏ పేరుతో పిలిచినా, ప్రతిఫలం తీసుకుని అమ్మేవారిని, కొనేవారిని కలిపిన ప్రతివారూ ఇందులోకి వస్తారు. అన్‌సీజనులో దుకాణం మీద కూర్చునే ఒకటి రెండు ప్లాట్ల బేరం కుదిర్చే కిరాణా వర్తకుడు గాని, యార్డు ఏజెంటు గాని తనకు ఇది వర్తించదనుకుంటే పొరపాటు. రిజిస్టరు కావలసిన ప్రాజెక్టులో ప్లాటు లేదా ఫ్లాటు బేరం కుదర్చాలంటే ఏజెంటుకు రెరా నంబరు ఉండాలి. తాను కుదిర్చిన ప్రతి అమ్మకంలోను ఆ నంబరు పేర్కొనాలి.

విస్తీర్ణం 500 చదరపు మీటర్లకు మించని, లేదా అన్ని దశలూ కలిపి ఎనిమిది ఫ్లాట్లకు మించని ప్రాజెక్టులకు రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉన్నది. 500 చదరపు మీటర్లంటే మన లెక్కలో సుమారు 598 గజాలు. అంతకు పెద్ద వెంచరును రెరా నంబరు లేకుండా ‘ప్రీ లాంచ్’ పేరుతోనో, విడదీయని వాటా పేరుతోనో అమ్మిపెట్టమని వచ్చే కంపెనీకి ఏజెంటు చెప్పవలసిన సమాధానం ఒక్కటే: నంబరు తెచ్చిన తరువాత రండి.

కమీషను ఎంత, జరిమానా ఎంత?

వర్తకులకు లెక్క చూపితేనే విషయం బోధపడుతుంది. ఉదాహరణకు గజం 15 వేల చొప్పున 200 గజాల ప్లాటు అనుకుందాం. ఖరీదు 30 లక్షల రూపాయలు. రెండు శాతం కమీషను కుదిరితే ఏజెంటు చేతికి వచ్చేది 60 వేలు.

రిజిస్ట్రేషన్ లేకుండా గాని, రిజిస్టరు కాని ప్రాజెక్టులో గాని ఈ బేరం కుదిర్చితే చట్టం 62వ సెక్షను కింద జరిమానా రోజుకు 10 వేల రూపాయలు. ఉల్లంఘన సాగినన్నాళ్లూ అది పెరుగుతూ పోయి, ఆస్తి ఖరీదులో ఐదు శాతం దాకా చేరవచ్చు. పై ఉదాహరణలో ఆరు రోజులకు కమీషను మొత్తం హరించుకుపోతుంది. పదిహేను రోజులకు జరిమానా లక్షా యాభై వేలకు చేరుతుంది. ఇక మోసం చేసి రిజిస్ట్రేషన్ పొందినా, షరతులు ఉల్లంఘించినా, సంజాయిషీ విన్న తరువాత దానిని రద్దు చేసే అధికారం రెరా సంస్థకు ఉన్నది. కొనుగోలుదారు బిల్డరు మీదనే కాక ఏజెంటు మీద కూడా నేరుగా ఫిర్యాదు చేయవచ్చు.

ఖాతా పుస్తకాలు, రికార్డులు భద్రపరచడం, లేని సౌకర్యాలు ఉన్నట్టు నోటితో గాని కాగితంతో గాని చెప్పకపోవడం, బుకింగు సమయంలో కొనుగోలుదారుకు రావలసిన పత్రాలన్నీ అందేలా చూడడం కూడా ఏజెంటు విధులుగా 10వ సెక్షను నిర్దేశిస్తున్నది. ‘కంపెనీవారు చెప్పమన్నారు, చెప్పాను’ అన్న జవాబుతో బయటపడే వీలు తక్కువ.

భూమి మచ్చు అంటే ఏమిటి?

భూమి మచ్చు కాగితాలలో ఉంటుంది. బయానా చేతులు మారకముందే ఏజెంటు తాను చూసి, కొనుగోలుదారుకు చూపవలసినవి ఇవి.

మొదటిది లింకు దస్తావేజులు. ప్రస్తుత యజమానికి ఆస్తి ఎవరి నుంచి, ఎలా వచ్చిందో వరుస తెగకుండా కనిపించాలి. రెండవది ఇ.సి. కంప్యూటరులో దొరికే ఇ.సి. సాధారణంగా 1983 నుంచి మాత్రమే. అంతకు ముందు కాలానికి రిజిస్ట్రారు కార్యాలయంలో వెదికించవలసి ఉంటుంది. రిజిస్టరు అయిన లావాదేవీలే ఇ.సి.లో కనిపిస్తాయి, రిజిస్టరు కాని అగ్రిమెంటు, వీలునామా అందులో కనిపించవు. ఇ.సి. శుభ్రంగా ఉన్నదంటే తగాదా లేదని అర్థం కాదు.

మూడవది నిషేధిత ఆస్తుల జాబితా. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షను కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డు భూములు ఇందులో ఉంటాయి. పేదలకు ఇచ్చిన అసైన్డు భూముల బదలాయింపును 1977 నాటి చట్టం నిషేధించింది. దానికి తరువాత వచ్చిన సవరణలు తనకు చేతిలో ఉన్న సర్వే నంబరుకు వర్తిస్తాయో లేదో విచారించకుండా ‘ఇప్పుడన్నీ రెగ్యులరైజు అవుతున్నాయి’ అని చెప్పడం ఏజెంటుకు తగదు. ఏజెన్సీ ప్రాంతాలలో గిరిజనేతరులకు భూమి బదిలీని 1970లో సవరించిన భూ బదలాయింపు నిబంధనలు అడ్డుకుంటాయి. అక్కడ బేరమే లేదని ముందే చెప్పాలి.

నాలుగవది నీరు. రెవెన్యూ రికార్డులో చెరువు శిఖమని గాని, పోరంబోకు అని గాని ఉన్న భూమి ఎండాకాలంలో మైదానంలాగే కనిపిస్తుంది. పూర్తి మట్టం దాకా నీరు వస్తే హద్దు రాళ్లు ఎక్కడ ఉంటాయో ఊరి పెద్దవారిని అడిగితే చెబుతారు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వెలువడిన భవన నిర్మాణ నిబంధనలు, పది హెక్టార్లు లేక అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకు చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీ విడవాలని చెప్పాయి. 2024 జులైలో హైదరాబాదులో ‘హైడ్రా’ ఏర్పడి, చెరువులలోని కట్టడాల తొలగింపు మొదలైనప్పుడు, కొందరు యజమానుల చేతిలో రిజిస్టరు దస్తావేజులు, బ్యాంకు రుణపత్రాలు కూడా ఉన్నాయి. రిజిస్ట్రారు దస్తావేజును రిజిస్టరు చేస్తాడు గాని హక్కుకు పూచీపడడు. ఆ సంగతి కొనేవారికి తెలియకపోవచ్చు, బ్రోకరుకు తెలుసు.

ఐదవది లేఅవుటు అనుమతి. తెలంగాణలో 2020లో అనధికార లేఅవుట్ల క్రమబద్ధీకరణకు ప్రభుత్వం అవకాశం ఇచ్చినప్పుడు సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. అనుమతి లేని చోట ఎంతమంది కొన్నారో ఆ సంఖ్యే చెబుతున్నది. వాటిలో చాలా బేరాల వెనుక ఎవరో ఒక మధ్యవర్తి ఉండి ఉంటాడు.

ఆరవది వారసుల సంతకాలు. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే అమలులోకి వచ్చింది. అప్పటికి పెళ్లి కాని కుమార్తెలకు అది వర్తించింది. 2005లో కేంద్ర చట్ట సవరణ దేశమంతటా కుమార్తెలకు ఆ హక్కు ఇచ్చింది. తండ్రి 2005 నాటికి జీవించి ఉండవలసిన అవసరం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో స్పష్టం చేసింది. ‘అక్కచెల్లెళ్లు అడగరు లెండి’ అన్న అన్నదమ్ముల మాట మీద బేరం కుదిర్చిన బ్రోకరు, పదేళ్ల తరువాత కోర్టులో సాక్షిగా నిలబడవలసి రావచ్చు.

ఏడవది పవరాఫ్ అటార్నీ. జి.పి.ఎ. ద్వారా ‘అమ్మకం’ జరిగినంత మాత్రాన హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో తీర్పు చెప్పింది. అసలు యజమాని బతికి ఉన్నాడా, పవరు రద్దు చేశాడా అన్న విచారణ తప్పనిసరి. విదేశాలలో ఉన్న మనవారు వ్యవసాయ భూమిని వారసత్వంగా పొందవచ్చు గాని, విదేశీ మారక ద్రవ్య నిబంధనల ప్రకారం కొనడానికి వీలులేదు. అమెరికాలో ఉన్న అబ్బాయి పేర ‘ఫారం ప్లాటు’ కొనిపించే ముందు ఏజెంటు ఈ సంగతి చెప్పాలి.

కొలతల తిరకాసు

తూకంలో తేడా వస్తే యార్డులో కాటా దగ్గరే తగువు తీరుతుంది. భూమిలో అది పదేళ్లకు గాని బయటపడదు. ఎకరం అంటే 4,840 చదరపు గజాలు. తెలంగాణ లెక్కలో 40 గుంటలు, కోస్తా లెక్కలో 100 సెంట్లు. గుంట 121 గజాలు, సెంటు 48.4 గజాలు. నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు కాగా తిరుపతి వైపు 36 అడుగులే. ఒక జిల్లావారు మరొక జిల్లాలో కొనేటప్పుడు ధరను గజాలలోకి మార్చి కాగితం మీద రాసి ఇవ్వడం ఏజెంటుకు రెండు నిమిషాల పని. ఫ్లాటు అయితే గోడల మధ్య వాడుకునే కార్పెట్ విస్తీర్ణం ఎంత, మెట్లు, వరండాలు కలిపి చెబుతున్నది ఎంత అన్నది విడివిడిగా చెప్పాలి.

డబ్బు విషయంలో జాగ్రత్తలు

రిజిస్టరు అయిన ప్రాజెక్టులో, అమ్మకపు అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయకముందు ఖరీదులో పది శాతానికి మించి తీసుకోవడానికి బిల్డరుకు వీలులేదు. పై ఉదాహరణలో మూడు లక్షలు దాటితే తప్పు. స్థిరాస్తి బయానాను 20 వేల రూపాయలు లేక అంతకు మించి నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2015 జూన్ నుంచి నిషేధించింది. అంతటి జరిమానా పడవచ్చు. వ్యవసాయ భూమి కాని ఆస్తి ఖరీదు 50 లక్షలు, అంతకు పైబడి ఉంటే కొనేవారు ఒక శాతం పన్ను మినహాయించి చెల్లించాలన్న నియమం 2013 జూన్ నుంచి ఉన్నది. బయానా తన జేబు మీదుగా వెళ్లకుండా, నేరుగా బ్యాంకు ద్వారా అమ్మకందారుకు చేరేలా చూసుకునే బ్రోకరుకు నిద్ర పడుతుంది.

ప్రకటన వాయిదా, రోడ్డు తయారు సరుకు

ధర పెరుగుతుందా అని ప్రతి కొనుగోలుదారూ అడుగుతాడు. ఇక్కడ సరుకుల వ్యాపారుల భాషే పనికివస్తుంది. ప్రభుత్వ ప్రకటన వాయిదా బేరం వంటిది. వేసిన రోడ్డు, వచ్చిన కరెంటు, పారే కుళాయి తయారు సరుకు. రాజధాని ప్రకటన తరువాత విజయవాడ, గుంటూరుల మధ్య భూముల ధరలు ఎగసిన తీరు, 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదనతో బేరాలు స్తంభించిన తీరు, 2024లో ప్రభుత్వం మారాక తిరిగి కదలిక వచ్చిన తీరు వర్తకులు కళ్లారా చూసినవే. ఆ నడుమ వడ్డీకి తెచ్చి కొన్నవారు ఏమయ్యారో కూడా వారికి తెలుసు. ‘ఇది ఈనాడు ఉన్నది, ఇది ఇంకా ప్రకటనలోనే ఉన్నది’ అని రెండు వరుసలుగా రాసి చూపడమే ఏజెంటు చేయగల సరైన సలహా.

ఎవరి మనిషి?

ఇరుపక్షాల నుంచి కమీషను తీసుకోవడం మన మార్కెట్లో వాడుకలో ఉన్నదే. అది ఇరువురికీ తెలిసి జరిగితే చిక్కు లేదు. అమ్మేవాడు 28 లక్షలు చాలునన్న ప్లాటును కొనేవాడికి 30 అని చెప్పి నడుమ రెండు లక్షలు వేసుకోవడం మాత్రం వేరే సంగతి. తనను పెట్టుకున్న యజమానికి తెలియకుండా ఏజెంటు సొంత లాభానికి బేరం నడిపితే, ఆ లాభాన్ని యజమాని రాబట్టుకోవచ్చునని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతున్నది. మొదటి రోజునే కమీషను ఎంత, ఎవరు ఇవ్వాలి, బేరం చెడితే ఏమిటి అన్నది చిన్న కాగితం మీద రాసి సంతకాలు తీసుకుంటే మొహమాటం ఒక్క నిమిషం. తగువు అసలే ఉండదు.

చట్టం అందని చోట

పాత ఇళ్లు, సాగు భూములు, చేతులు మారే పాత ప్లాట్లు రెరా పరిధిలోకి రానివే ఎక్కువ. చిన్న పట్టణాలలో బ్రోకర్ల బేరాలలో అధిక భాగం ఇవే. అక్కడ జరిమానా భయం లేదు. ఊరిలో మనిషికి ఉన్న పరువే లైసెన్సు.

ఆ పరువు వినాయక చవితి పందిరికి చందా ఇచ్చినంత మాత్రాన, వేసవిలో చలివేంద్రం మీద పేరు రాయించినంత మాత్రాన రాదు. అవి మంచి పనులే. కాని బ్రోకరుకు ఉన్నది, ఇతరులకు లేనిది, భూముల చరిత్ర తెలిసిన జ్ఞానం. ఊరికి దానిని ఇవ్వగలిగితేనే ఆయన సేవకు ప్రత్యేకత.

వారంలో ఒక పూట ఎవరు దస్తావేజు తెచ్చినా ఉచితంగా చదివి చెప్పడం అటువంటి పని. తాను అమ్మిన లేఅవుటులో పార్కుకని విడిచిన స్థలం నాలుగేళ్ల తరువాత ప్లాట్లుగా మారబోతుంటే, ఆనాటి ఆమోదిత నక్షా ప్రతిని బయటపెట్టి కాలనీవాసుల పక్షాన నిలబడడం మరొకటి. నక్షా చూపి అమ్మినవాడే ముఖం చాటువేస్తే వారికి సాక్షి ఎవరు? అద్దె ఇళ్ల విషయంలో ‘ఏ కులం, ఏ మతం’ అని ఇంటివారి కంటే ముందు బ్రోకరే అడిగి మనుషులను తిప్పిపంపే అలవాటు మానుకోవడం ఇంకొకటి. అద్దె కట్టగలడా, ఇల్లు శుభ్రంగా ఉంచుతాడా అన్నవే అడగదగిన ప్రశ్నలు.

అన్నిటికంటె కష్టమైనది, అక్కరకు అమ్ముకునేవారి బేరం. ఆసుపత్రి ఖర్చుకో, పిల్ల పెళ్లికో నెల రోజులలో డబ్బు కావాలని వచ్చిన రైతుకు, ‘ఎంతకైనా సరే’ అనిపించి అరధరకు అమ్మించడం బ్రోకరుకు తేలిక. ఎకరం అంతా అమ్మనక్కరలేదు, అరెకరం చాలునేమో, బ్యాంకు తాకట్టు కుదురుతుందేమో అని ఆలోచన చెప్పినవాడు ఆనాటి కమీషనులో సగం పోగొట్టుకుంటాడు. కాని ఆ రైతు కుటుంబంలో తరువాత జరిగే ప్రతి బేరమూ ఆయన గుమ్మం తొక్కుతుంది.

సంఘాలు చేయవలసిన పని

యార్డులలో నాణ్యం, తూకం, చెల్లింపుల తగువులను వర్తక సంఘాలు కూర్చుని తీర్చే సంప్రదాయం ఉన్నది. స్థలాల బ్రోకర్లు కూడా పట్టణం వారీగా అటువంటి ఏర్పాటు చేసుకోవచ్చు. వివాదంలో ఉన్న సర్వే నంబర్ల ఉమ్మడి జాబితా, చెరువుల హద్దుల నక్షా, కమీషను ఒప్పందానికి అందరూ వాడే ఒకే నమూనా కాగితం, కొత్తగా వృత్తిలోకి వచ్చే కుర్రవారికి ఏడాదికి రెండు మార్లు న్యాయవాదితో, సర్వేయరుతో శిక్షణ: వీటికి పెద్ద ఖర్చు లేదు. ఇద్దరు బ్రోకర్లు ఒకే బేరానికి కమీషను అడిగే తగువులు కూడా వీధికెక్కకుండా సంఘంలోనే తీరుతాయి.

దోషం చెబితే బేరం పోతుందన్న భయం కొత్త బ్రోకర్లలో సహజం. కొన్ని పోతాయి కూడా. అయితే టిక్కీలో తాలు ఉన్నదని ముందే చెప్పి, అందుకు తగిన ధర వేయించిన ఏజెంటు వద్దకే మరుసటి సీజనులో కొనుగోలుదారు వస్తాడన్నది యార్డులో తలపండినవారికి తెలిసిన సంగతి. భూమి కొనేవాడు జీవితంలో ఒకసారో రెండుసార్లో కొంటాడు. కాని ఆయనకు తమ్ముడు ఉంటాడు, అల్లుడు ఉంటాడు, పక్క దుకాణందారు ఉంటాడు. వారు ఎవరిని సంప్రదించాలో నిర్ణయమయ్యేది మొదటి బేరంలో బయానాకు ముందు బ్రోకరు విప్పి చూపిన కాగితాలను బట్టే.